భుజం పట్టీలు

ఇదిగో, నిన్నే. ఆ స్వెట్టర్ వేసుకొని ఏమీ ఎరగనట్టు కూర్చున్న పెద్దమనిషీ, అటూ ఇటూ చూడకు, నీ వెనక ఎవరూ లేరు. పొద్దున చొక్కాకి కాలరూ, దాని కింద జానెడు మేరా ఇస్త్రీ చేసుకొని, మిగతాది స్వెట్టరే చూసుకుంటుందిలే అనుకున్నావా లేదా? ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, నేనేం విప్పి చూడను. అచ్చం నీలాంటివాడే ఒక విమానం కెప్టెన్ ఉన్నాడు. నీ మోసం ఇంటి నుంచి ఆఫీసు దాకా నడిచింది. ఆయన మోసం మేఘాల దాకా ఎగిరింది. అంతే తేడా.

తోటివాళ్ళు ఆయనకి డబ్బా కెప్టెన్ అని పేరు పెట్టారు. ఏ ఊళ్ళో దిగినా, ఎంత పెద్ద హోటల్లో బస చేసినా, భోజనాల వేళకి అందరూ కిందికి దిగితే ఆయన గదిలో తలుపేసుకొని ఇంటి నుంచి తెచ్చిన డబ్బా మూత తీసేవాడు. కంపెనీ ప్రతి బసకీ ఒక కవరులో భత్యం పెట్టి ఇస్తుంది. భత్యం గురించి ఆయనకొక గట్టి నమ్మకం ఉండేది.

"భత్యం అంటే ఖర్చు పెట్టమని ఇచ్చేది కాదు బాబూ," అని కొత్తగా చేరిన పైలట్లకి బోధించేవాడు. "ఖర్చు పెట్టకుండా ఉన్నందుకు ఇచ్చే బహుమతి."

ఆయన్ని చూసి నవ్వకు. వయసులో ఉండగా ఆయన పనిచేసిన మొదటి కంపెనీ ఒక సోమవారం పొద్దున్నే మూతపడింది. గేటు దగ్గర యూనిఫాంలో నిలబడి తాళం వంక చూసిన మనిషికి, ఆ తర్వాత ఏ కవరు చేతికొచ్చినా ఇదే ఆఖరిదేమో అనిపిస్తుంది. కవరు విప్పకుండా తెచ్చి భార్య చేతిలో పెట్టడం అప్పుడు మొదలైన అలవాటు.

బట్టలకి కూడా కంపెనీ భత్యం ఇస్తుంది. అదీ బహుమతే అయింది. కాలరు అరిగితే ఆయన భార్య చొక్కా వెనక నుంచి మంచి గుడ్డ కత్తిరించి కొత్త కాలరు వేసేది. కఫ్ లు అరిగితే మళ్ళీ వెనక నుంచే. అలా కత్తిరించగా కత్తిరించగా ఒక రోజు చొక్కాకి ముందు తప్ప వెనక లేకుండా పోయింది. అప్పుడావిడ ఆ ఖాళీలో దిండు గలీబు పెట్టి కుట్టేసింది. తెల్లటి గలీబు అయితే ఈ కథ లేదు. అది పూల గలీబు.

"ప్రయాణికుడు కెప్టెన్ని ముందు నుంచి చూస్తాడు, వెనక ఎవరు చూస్తారు?" అని ఆయన తనకి తానే సర్దిచెప్పుకొని, కంపెనీ వాళ్ళ నీలం ఉన్ని స్వెట్టర్ తొడుక్కున్నాడు. చలిగా ఉంటే చొక్కా మీద స్వెట్టర్ వేసుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ రోజు నుంచి ఆరేళ్ళు ఆయనకి చలి తగ్గలేదు. ఎండలు మండిపోతున్నా స్వెట్టరే. విమానం ముందు గదిలో పక్కన కూర్చునే చిన్న పైలట్ పాపం మర్యాదస్తుడు. పెద్దాయనకి చలి అని చల్లగాలి తగ్గించేసి, తను మాత్రం ఆరేళ్ళూ చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఇక ఆ రోజు సంగతి. కెప్టెన్ ఉద్యోగం ఇంకో వారంలో ముగిసిపోతుంది. బస చేసిన ఊరి నుంచి మధ్యాహ్నం విమానం నడుపుకుంటూ సొంత ఊరికి తిరిగి వెళ్ళాలి. అదే విమానంలో ఆయన భార్య కూడా ఎక్కబోతోంది. ఇన్నేళ్ళ కాపురంలో భర్త విమానం నడపగా ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. కంపెనీ ఏటా ఉచిత టికెట్ ఇస్తూనే ఉంది. "టికెట్ ఉచితమే, దిగాక ఉచితం కాదు కదా," అని ఈయన ఏటా దాన్ని పోనిచ్చాడు. ఈ ఏడు ఆవిడ అక్క ఈ ఊరికి మకాం మార్చింది. బస ఖర్చు లేదు. ఆవిడ రైల్లో వచ్చి అక్క దగ్గర వారం ఉంది. ముందురోజు సాయంత్రం హోటల్ కి వచ్చి భర్త దగ్గర టికెట్ తీసుకొని వెళ్ళింది.

"రేపు మీరు నడిపే విమానంలో నేను కూర్చుంటాను," అంది వెళ్తూ. "భయపడకండి, తప్పులు పట్టనులెండి."

పొద్దున లేచి కెప్టెన్ తన చిన్న ఇస్త్రీపెట్టె తీశాడు. కాలరూ, ఎదర జానెడూ, రెండు కఫ్ లూ కత్తిలా ఇస్త్రీ చేశాడు. టై కట్టుకున్నాడు, స్వెట్టర్ తొడుక్కున్నాడు. స్వెట్టర్ భుజాల మీద రెండు తాళ్ళుంటాయి. వాటికి నాలుగు బంగారు చారలున్న పట్టీలు తొడిగితేనే మనిషి కెప్టెన్ అవుతాడు. లేకపోతే చలేసిన పెద్దమనిషి, అంతే. పట్టీల కోసం బల్ల మీద చూశాడు. లేవు. ముందురోజు సాయంత్రం చెమట పట్టిన స్వెట్టర్ ని తడిగుడ్డతో తుడుచుకుంటూ, తడుస్తాయని వాటిని తీసి భద్రంగా ఎక్కడో పెట్టాడు. ఎంత భద్రంగా పెట్టాడంటే తనకి కూడా దొరకనంత. కంపెనీ ఏటా ఇచ్చే కొత్త జతలు పాడైపోతాయని ఇంట్లో బీరువాలో దాచి ఉంచాడు, అవి ఇక్కడ పనికి రావు.

మంచం కింద వెతికి, నడుం పట్టుకొని లేచి, కింద రిసెప్షన్ కి ఫోన్ చేశాడు.

"చెప్పండి సార్," అంది రిసెప్షన్ అమ్మాయి.

"అమ్మా, నాకు భుజం పట్టీలు కావాలి."

"భుజానికి పట్టీలా సార్?"

"అవునమ్మా. నిన్న సాయంత్రం ఊడదీశాను. ఇప్పుడు చూస్తే లేవు."

ఆ అమ్మాయి గొంతు మెత్తబడింది. "బాగా ఇబ్బందిగా ఉందా సార్?"

"ఉండదా మరి? అవి లేకుండా నేను విమానంలో కాలు పెట్టలేను."

"ఒక భుజమేనా సార్, రెండూనా?"

"ఒక భుజానికి పెట్టుకొని రెండోది వదిలేస్తారా ఎవరైనా? రెండూను."

"ఎన్నాళ్ళ నుంచి సార్?"

"కెప్టెన్ అయిన దగ్గర్నుంచీ ఉన్నాయమ్మా. పద్దెనిమిదేళ్ళు."

"అయ్యో. మా దగ్గర పట్టీలున్నాయి సార్, మీరు కదలకండి. ఇప్పుడే పంపిస్తాను."

దొరికాయన్నమాట, గది తుడిచేవాళ్ళ చేతిలో పడి ఉంటాయి అనుకొని కెప్టెన్ ఊపిరి పీల్చుకున్నాడు. రెండు నిమిషాల్లో హోటల్ పనివాడు తలుపు తట్టాడు. అతని పళ్ళెంలో దెబ్బలకి చుట్టే తెల్లగుడ్డ పట్టీలు రెండు చుట్టలు, ఒక నొప్పుల మందు ట్యూబు ఉన్నాయి.

జరిగిన పొరపాటు కెప్టెన్ కి వెంటనే అర్థమైంది. చెప్పబోయి ఆగాడు. "దీనికి బిల్లు వేస్తారా?"

"లేదు సార్. బస చేసినవాళ్ళకి ఉచితం."

అక్కడ మునిగిపోయాడు పాపం. నాకు కావలసినవి ఇవి కావు అంటే అవి వెనక్కి వెళ్ళిపోతాయి. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు భుజం నొప్పి రాకపోదు. కెప్టెన్ ఆ రెండు చుట్టలూ, ట్యూబూ బ్యాగు పక్క అరలో పెట్టుకొని, పనివాడు చాచిన పుస్తకంలో 'అందినవి' అని సంతకం చేశాడు. పట్టీల సంగతి ఎయిర్ పోర్టు ఆఫీసులో చూసుకోవచ్చు, అక్కడ బీరువాలో అదనపు జత ఉంటుంది.

ఆ సమయానికి కింద చిన్న పైలట్ కాఫీ తాగుతున్నాడు. రిసెప్షన్ అమ్మాయి మనసున్న పిల్ల. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"సార్, మీ కెప్టెన్ గారికి రెండు భుజాలూ బాగా లేవు. పద్దెనిమిదేళ్ళుగా పట్టీలు కట్టుకొని తిరుగుతున్నారట. మీకు తెలుసా?"

చిన్న పైలట్ కప్పు కింద పెట్టేశాడు. తెలియదు. కానీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎండలో కూడా విప్పని స్వెట్టర్. నొప్పికి వెచ్చదనం కావాలి మరి. అందరితో కలిసి భోజనానికి రాకపోవడం. చెయ్యి నోటిదాకా ఎత్తలేక సిగ్గుపడి ఉంటాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆరేళ్ళలో కాఫీ బిల్లు వచ్చినప్పుడు కెప్టెన్ చెయ్యి ఒక్కసారి కూడా జేబుదాకా వెళ్ళలేదు.

"పిసినారి అని ఎంత నవ్వుకున్నాం," అన్నాడు చిన్న పైలట్, కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యి లేవక."

కానీ నియమం నియమమే. భుజాలు పనిచెయ్యని మనిషి విమానం నడపకూడదు. అతను ముక్కు చీదుకొని, గుండె రాయి చేసుకొని ఎయిర్ పోర్టు ఆఫీసుకి ఫోన్ చేశాడు.

ఎయిర్ పోర్టుకి వెళ్ళే వ్యాన్ దగ్గరికి కెప్టెన్ వచ్చేసరికి ఆయన బ్యాగు కోసం నలుగురు ఎగబడ్డారు. పట్టీలు లేని భుజాలు ఎవరికీ కనబడకూడదని ఆయన రెండు చేతులూ ఎదర అడ్డంగా పెట్టి, కుడి చేత్తో ఎడమ భుజం, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకొని నడుస్తున్నాడు. చూసినవాళ్ళందరూ ముఖాలు తిప్పుకున్నారు.

విమానంలో పనిచేసే అమ్మాయిల్లో పెద్దదాన్ని అందరూ పెద్దక్క అంటారు. వ్యాన్ ఎక్కాక ఆవిడ ఆయన వీపు వెనక దిండు సర్దింది. "ఎన్నాళ్ళు మోశారన్నయ్యగారూ, ఎవరికీ చెప్పకుండా."

ఈ మర్యాదంతా వారంలో వెళ్ళిపోతున్నందుకనుకున్నాడు కెప్టెన్. "చెప్పేదేముందమ్మా, ఎవరికైనా రోజులు దగ్గరపడేవే. వచ్చే వారంతో నా పని సరి."

పెద్దక్క చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "డాక్టర్లు వారమే అన్నారా?"

"డాక్టర్లెందుకు, హెడ్డాఫీసు వాళ్ళే కాగితం పంపారు."

హెడ్డాఫీసు ఎంత కఠినమైందో ఆ వ్యాన్ లో అందరికీ అప్పుడు తెలిసింది. ఎవరో బిస్కెట్ల పొట్లం ఇస్తే కెప్టెన్ తీసుకున్నాడు. అయితే అందుకోవడానికి ఒక భుజం వదలాలి కనుక, పెద్దక్కే విప్పి నోట్లో పెట్టింది.

ఎయిర్ పోర్టు ఆఫీసులో డ్యూటీ మేనేజరూ, డాక్టరమ్మా ఎదురు చూస్తున్నారు. డాక్టరమ్మ నెరిసిన జుట్టు మనిషి. మాటలు కూడా మందుచీటీలాగే ఉండేవి, పొట్టిగా.

"కూర్చోండి. స్వెట్టర్ తీయండి."

"ఎందుకండీ?" అన్నాడు కెప్టెన్.

మేనేజరు విషయం చెప్పాడు. కెప్టెన్ ముందు తెల్లబోయి, తర్వాత నవ్వి, చిన్న పైలట్ భుజం మీది పట్టీలు వేలితో చూపించాడు. "నేనడిగింది ఇవి బాబూ. ఈ పట్టీలు. ఆ అమ్మాయి కట్టు పట్టీలనుకుంది."

"మరి బ్యాగులో అవి?" అని చిన్న పైలట్ బాధగా పక్క అర తెరిచి చూపించాడు. రెండు చుట్టలూ, ట్యూబూ బయటపడ్డాయి.

"అవి ఉచితంగా ఇచ్చారు, తీసుకున్నాను."

ఆ గదిలో ఆ మాట ఎవరూ నమ్మలేదు. నొప్పి లేనివాడు మందెందుకు తీసుకుంటాడు?

"గొడవెందుకు," అంది డాక్టరమ్మ. "స్వెట్టర్ తీయండి. భుజం చూస్తాను. వాపు లేకపోతే వెళ్ళి నడుపుకోండి."

"చలిగా ఉందండి."

"ముక్కు చివర నుంచి చెమట కారుతోంది."

"చలి చెమటండి."

"అయితే జ్వరం కూడా," అని డాక్టరమ్మ కాగితం మీద ఇంకో మాట రాసుకుంది.

కెప్టెన్ స్వెట్టర్ తోనే చేతులు రెండూ పైకెత్తి, ముందుకీ వెనక్కీ గాలిమరలా తిప్పి చూపించాడు. "పళ్ళ బిగువున ఎవరైనా తిప్పుతారు," అంది డాక్టరమ్మ. "ఫిర్యాదు వచ్చాక చూడకుండా సంతకం పెట్టను. తీస్తారా, లేదా?"

కెప్టెన్ నేల చూపులు చూశాడు. ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి. ఉరుముల మధ్య నుంచి విమానాన్ని పూలబుట్టలా దింపిన మనిషి. వీపు మీది పూలు మాత్రం చూపించలేకపోయాడు.

మేనేజరు మంచివాడే. మెల్లగా అన్నాడు. "ఫరవాలేదు సార్. ఇంకో కెప్టెన్ ని పిలిచాం, బయల్దేరాడు. మీరు అదే విమానంలో మేడంగారి పక్కన కూర్చొని హాయిగా ఇంటికెళ్ళండి."

అప్పుడే తలుపు తీసుకొని పెద్దక్క లోపలికి వచ్చింది. ఆవిడ వెనక కెప్టెన్ భార్య. కొత్త బట్టలు కట్టుకుంది, పొద్దున్నే లేచి తయారైనట్టుంది. చేతిలో కవరు పట్టుకొని నవ్వుతూ వచ్చింది.

"మీ మతిమరుపు చూశారా? టికెట్ కవరులో మీ పట్టీలు కూడా పెట్టి నా చేతికిచ్చారు. ఇవి లేకుండా మిమ్మల్ని లోపలికి రానిస్తారో రానివ్వరో అని గంట ముందే బయల్దేరాను." గదిలో వాళ్ళ ముఖాలు చూసి ఆగింది. "ఏమైంది?"

"కెప్టెన్ గారు ఈ రోజు నడపట్లేదు వదినగారూ," అంది పెద్దక్క. "వేరే ఆయన వస్తున్నారు. భుజం చూడాలి, స్వెట్టర్ తీయమంటే తీయట్లేదు."

భార్యకి మాత్రం ఎందుకు తీయట్లేదో ఒక్క క్షణంలో అర్థమైంది. ఆవిడ ఏమీ బయటపెట్టలేదు. పట్టీలు మళ్ళీ కవరులో పెట్టింది. దాని అంచు జాగ్రత్తగా మడిచింది.

"మీరు నడపరా అయితే?" అంది. అంతే అంది.

కెప్టెన్ ఆవిడ కొత్త బట్టల వంక చూశాడు. లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ స్వెట్టర్ అంచు పట్టుకొని, ఒక్క గుంజు గుంజి తల మీంచి లాగేశాడు.

ముందు నుంచి చూసినవాళ్ళకి పెద్ద తేడా కనబడలేదు. ఎదర జానెడు కత్తిలా, మిగతా అంతా నలిగి ఉంది. వెనక నిలబడ్డది మేనేజరూ, చిన్న పైలటూ. కెప్టెన్ వీపంతా అరచేతి వెడల్పు ఎర్ర గులాబీలు పూసి ఉన్నాయి. గులాబీల మధ్య రెండు చిలకలు ముక్కులు కలుపుకున్నాయి. చిలకల కింద నీలం దారంతో, ముద్దుగా వంకర తిరిగిన అక్షరాల్లో 'హాయిగా నిద్రపోండి' అని కుట్టి ఉంది.

డాక్టరమ్మ భుజాలు నొక్కి చూసింది. చేతులెత్తించింది, దింపించింది. వెనక్కి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకొని, వీపు మొత్తం చదివింది.

"భుజాలు ఉక్కులా ఉన్నాయి," అని సంతకం పెట్టింది.

చిన్న పైలట్ ఇంకా తేరుకోలేదు. "అంటే మీకు చలి లేదా సార్?"

"ఎప్పుడూ లేదు బాబూ."

"ఆరేళ్ళు సార్. నేను ఉడికిపోయాను."

"నేను మాత్రం? నువ్వు చొక్కాలో ఉడికావు, నేను ఉన్నిలో."

"మరి కాఫీ బిల్లు వచ్చినప్పుడు చెయ్యి జేబుదాకా వెళ్ళకపోవడం?"

"దానికి మా దగ్గర మందు లేదు," అంది డాక్టరమ్మ, పెట్టె మూస్తూ.

మేనేజరు రెండో కెప్టెన్ కి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మనవి సార్. ప్రయాణికుల మధ్య నుంచి వెళ్ళేటప్పుడు స్వెట్టర్ వేసుకోండి. కెప్టెన్ వీపు మీద ఆ మాట చదివితే జనం వేరే విధంగా అర్థం చేసుకుంటారు."

భార్య స్వెట్టర్ అందించింది. భుజాల తాళ్ళకి పట్టీలు తనే తొడిగి, నాలుగు చారలూ వేలితో సరిచేసింది.

విమానం బయల్దేరింది. ముందు గది తలుపు మూశాక కెప్టెన్ స్వెట్టర్ విప్పి, పట్టీలు తీసి చొక్కా భుజాలకి తొడుక్కున్నాడు. చిన్న పైలట్ ఆరేళ్ళలో మొదటిసారి చల్లగాలి పూర్తిగా తిప్పాడు. మొదటి వరుసలో కిటికీ పక్కన కూర్చున్న భార్య, స్పీకరులో భర్త గొంతు ప్రయాణికులకి నమస్కారం చెబుతుంటే, తనొక్కదానికే చెప్పినట్టు తల ఊపింది. దిగేటప్పుడు చక్రాలు నేలని తాకిన సంగతి కూడా తెలియలేదు. పక్క సీటాయన ఇంకా నిద్రపోతున్నాడు.

జనమంతా దిగిపోయాక ముందు గది తలుపు తెరిచారు. భార్య లోపలికి తొంగిచూసింది. ఆ మీటలూ, దీపాలూ, వాటి మధ్య చొక్కాతో కూర్చున్న మనిషినీ చూసింది.

"బాగా నడిపారు," అంది. "ఇన్నాళ్ళూ నన్నెందుకు ఎక్కించలేదో మాత్రం తెలియట్లేదు."

కెప్టెన్ కి ప్రాణం తేలికైపోయింది. వీపు తడుముకుంటూ నవ్వాడు. "ఏమైనా నీ చేతిపని గట్టిదే. పాత గలీబుతో ఆరేళ్ళు గడిపేశాం. రెండు చొక్కాల ఖర్చు మిగిలింది."

"పాత గలీబా?" అంది భార్య. "మనింట్లో పాత గలీబులు చిరిగి చాలా కాలమైంది. అది కొత్తది. దుకాణాలన్నీ తిరిగి, అన్నిటికంటే ముదురు రంగు పూలున్నది ఏరి కొన్నాను. చూసుకొని సిగ్గుపడి కొత్త చొక్కాలు కొంటారనుకున్నాను. మీరు స్వెట్టర్ వేసుకున్నారు."

కెప్టెన్ నవ్వు సగంలో ఆగింది. "గలీబులు విడిగా అమ్ముతారా?"

"అమ్మరు. పెద్ద దుప్పటితో కలిపే అమ్ముతారు."

"దుప్పటేది మరి?"

"ఆరేళ్ళుగా దాని మీదే పడుకుంటున్నారు కదా. గులాబీల దుప్పటి."

"అది మీ అక్క ఇచ్చిందన్నావు."

"అన్నాను."

"దేంతో కొన్నావు?"

"మీరు తెచ్చిచ్చే కవరులోంచి. బట్టల భత్యమే కదా, బట్టలకే పెట్టాను."

చిన్న పైలట్ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. "ఎంతైంది?" అని కెప్టెన్ అడిగాడు. భార్య వంగి చెవిలో చెప్పింది. ఆ సొమ్ముకి తెల్ల చొక్కాలు అరడజను వచ్చేవి.

కెప్టెన్ పక్కన పెట్టిన స్వెట్టర్ అందుకొని మళ్ళీ తొడుక్కున్నాడు. ఈసారి నిజంగానే చలి వేసింది.